మడత లోపలి పోగు

మా నాయనమ్మకి చదువు రాదు. కానీ మగ్గం మీంచి కోసి దించిన చీరని అందరికంటే ముందు పరీక్షగా చూసేది ఆవిడే. పెడనకి దగ్గర్లో మా ఊరు. తాతయ్య గుంటమగ్గం మీద నేసేవాడు. పొద్దున్నే నాయనమ్మ వీధిగుమ్మంలో నిలబడి ఒక కొస నా చేతికిచ్చేది. రెండో కొస తను పట్టుకుని చీరని వెలుతురుకి అడ్డంగా చాపేది. పడుగులో పోగు తప్పినచోట, పేక పల్చబడినచోట, ముడి పైకి తేలినచోట వేలితో తడిమేది. కొన్నిటిని సూదితో సరిచేసేది. ఇక సరికానివి ఉంటే ఆ చోటు లోపలికి పోయేట్టు జాగ్రత్తగా మడతపెట్టి తాతయ్య చేతికిచ్చేది.

సొసైటీలో గుమాస్తా బల్లమీద ఆ చీర విప్పి, తిన్నగా ఆ మడత దగ్గరికే వచ్చేవాడట. 'డ్యామేజీ' అని పుస్తకంలో రాసుకుని కూలిలో కోత పెట్టేవాడు. తాతయ్య ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, "కండెలు చుట్టింది నువ్వే గదా, పోగు చూసుకోవద్దూ?" అని నాయనమ్మ మీద కేకలేసేవాడు. కోత పడ్డ వారం మా ఇంట్లో పప్పు పల్చబడేది. నాయనమ్మ కంచంలో అదీ ఉండేది కాదు.

అప్పుడు నాకిది మా ఇంటి గొడవగానే అనిపించింది. చాలా ఏళ్ళ తర్వాత, ఎం.ఫిల్. కోసం బందరు రేవు వర్తకం గురించి చదువుతుంటే ఆ బల్ల మళ్ళీ ఎదురైంది. ఈసారి దాని వెనక కూర్చున్నవాళ్ళు కంపెనీ దొరలు.

డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో ఈ తీరానికొచ్చారు. వాళ్ళక్కావలసింది గుడ్డ. మిరియాలు, లవంగాలు దొరికే ఆగ్నేయాసియా దీవుల్లో వెండికంటే కోరమాండల్ గుడ్డకే గిరాకీ ఎక్కువ. బందరు చుట్టుపక్కల నేసినవీ, అద్దినవీ, నిజాంపట్నం దగ్గరి ఇసకనేలల చిరివేరుతో ఎర్రరంగు పట్టించినవీ ఓడలెక్కాయి. దూరదేశంలో కొనేవాడికి నేసేవాడు తెలీదు. అందుకని 'మస్టరు' అనే పద్ధతి వచ్చింది. పోర్చుగీసు నుంచి వచ్చిన మాట అది, మాదిరి అని అర్థం. ముందుగా ఒప్పుకున్న మాదిరి గుడ్డ ఒకటి ఫ్యాక్టరీలో ఉంటుంది. (అప్పట్లో ఫ్యాక్టరీ అంటే సరుకు తయారయ్యే చోటు కాదు, కంపెనీ ఏజెంట్లు ఉండే కోఠీ.) వచ్చిన ప్రతి తానునీ దానితో పోల్చి చూస్తారు. పొడవు, వెడల్పు, నేత బిగువు, పడుగులో ఎన్ని పుంజాల నూలుంది – ఇవన్నీ చూసి మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని వేరుచేస్తారు. ఏ రకంలోకీ రానిది తిరిగిపోతుంది, లేదా ధర తెగ్గోస్తారు.

ఇందులో అన్యాయమేముంది, కొనేవాడు సరుకు చూసుకోడా అనొచ్చు. నిజమే. మా నాయనమ్మ కూడా వంకాయని తిప్పి చూడకుండా కొనేది కాదు. చూడ్డం ఎప్పుడూ ఉన్నదే. తిరగ్గొట్టిన గుడ్డ నష్టం ఎవరి నెత్తిన పడిందన్న దగ్గరే కథ మారింది. ప్రసన్నన్ పార్థసారథి 2001లో వెలువరించిన పుస్తకంలో దక్షిణాది నేతగాళ్ళకి ఒకప్పుడున్న ఒక వీలు గురించి వివరంగా రాశాడు. బయానా తీసుకున్న నేతగాడికి బేరం నచ్చకపోతే ఆ డబ్బు తిరిగిచ్చేసి, గుడ్డని వేరేవాళ్ళకి అమ్ముకోవచ్చు. కొనేవాళ్ళు పలువురున్నంతకాలం 'ఇది రెండో రకం' అన్నవాడితో 'అయితే నీకివ్వను' అనగలిగేవాడు.

1760లలో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికొచ్చాక ఈ వీలు క్రమంగా పోయింది. కొనేవాడే పాలకుడయ్యాడు. మధ్యవర్తి వ్యాపారుల్ని పక్కకి తోసి, గుమాస్తాల ద్వారా నేరుగా బయానాలిచ్చాడు. గుడ్డ తిరగ్గొడితే బయానా అప్పుగా మిగిలేది. ఆ అప్పు వసూలుకి కంపెనీ బంట్రోతు గుమ్మంలో కూర్చునేవాడు. బల్లమీద చూసేవాడూ, ధర కట్టేవాడూ, అప్పు వసూలు చేసేవాడూ, ఫిర్యాదు వినేవాడూ అంతా ఒక్కరే అయ్యారు. దీనిమీద నేతగాళ్ళు ఊరుకోలేదు. మగ్గాలు ఆపారు, ఊళ్ళు విడిచిపోయారు, అర్జీలు పెట్టారు. కంపెనీ కాలంలో ఉత్తర కోరమాండల్ నేతగాళ్ళ బతుకు మీద పి. స్వర్ణలత 2005లో తెచ్చిన పుస్తకం మనవాళ్ళు మరింతగా చదవాల్సింది. కంపెనీ కాగితాల్లోంచే నేతగాళ్ళ గొంతు ఎలా పైకి తీయొచ్చో ఆమె చూపించారు.

ఆ కాగితాల్లో కంపెనీ ఉద్యోగులు మాటిమాటికీ చేసే ఫిర్యాదు ఒకటుంది: గుడ్డ నాణ్యం పడిపోయింది, నేతగాళ్ళు మోసం చేస్తున్నారు, పోగులు తగ్గిస్తున్నారు. అది చదివినప్పుడల్లా నాకు మా నాయనమ్మ మడత గుర్తొస్తుంది. ఆవిడ చేసింది మోసమా? ఒక విధంగా అవును. కానీ నూలు ధర పెరిగి కూలి పెరగనప్పుడు పోగు పల్చబడకుండా ఎలా ఉంటుంది? ఆ లెక్క రాసుకునే పుస్తకం ఆ బల్లమీద లేదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. గుడ్డలో తప్పు చాలాసార్లు మగ్గం దగ్గర పుట్టదు. ఏకులో, రాట్నం దగ్గర, పురి తక్కువైనచోట పుడుతుంది. ఆ రోజుల్లో ఒక్క మగ్గం ఆడాలంటే అనేకమంది ఆడవాళ్ళు వడకాలి. మాలపల్లెల్లోనూ, కాపుల ఇళ్ళలోనూ, వితంతువులున్న చాలా ఇళ్ళలోనూ రాట్నం తిరిగేది. వడికేటప్పుడు వేళ్ళతోనే పరీక్ష జరిగిపోయేది. ఉండకట్టిన చోట తుంచి అతకడం, సన్ననూలు వేరు, ముతకది వేరు చెయ్యడం, సంతకి పోయేముందు చిలప విప్పి చూసుకోవడం, ఇదంతా నాణ్యత చూసే పనే. కానీ కంపెనీ ఒప్పందాలు నేతగాళ్ళతోనూ వ్యాపారుల్తోనూ జరిగాయి తప్ప వడికేవాళ్ళతో కాదు. కాబట్టి బల్లమీద విడిగా లెక్క రాసుకోవడానికి వాళ్ళు లేరు. పనికి పేరు చివరి మెట్టు దగ్గరే వచ్చింది, అక్కడ కూర్చున్నవాడికే వచ్చింది.

ఆ తర్వాతి కథ తెలిసిందే. 1813లో కంపెనీ గుత్తవ్యాపారం పోయింది, 1833తో అసలు వ్యాపారమే మానేసింది. మాంచెస్టరు గుడ్డా, మిల్లు నూలూ వచ్చాయి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరుని ముంచేసింది. మగ్గాలు కొన్ని మిల్లు నూలుతో బతికాయి గానీ రాట్నాలు చాలావరకు అటకెక్కాయి. మిల్లు నూలు కట్టమీద నంబరు ముందే అచ్చయి ఉంటుంది, వేళ్ళతో పని లేదు.

1921 మార్చి ఆఖర్న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. కోటి రూపాయల తిలక్ నిధి, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని అక్కడ తీర్మానించారు. జాతీయ జెండా కథలో బెజవాడ పేరు అందరికీ గుర్తుంది, ఈ 20 లక్షల రాట్నాలు అంతగా గుర్తులేవు. రాట్నం తిప్పడం మరిచిపోయిన ఇళ్ళలో మళ్ళీ రాట్నం వెలిసింది. కానీ ఆ నూలు మగ్గమెక్కితే తెగిపోయేది. నేతగాళ్ళు మాకొద్దన్నారు. అప్పుడు వడికేవాళ్ళ నూలు పరీక్షకొచ్చింది. బరువుకెంత పొడవుంది, సమంగా ఉందా, లాగితే తెగుతుందా అని చూసి నంబరు కట్టడం మొదలైంది. 1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడ్డాక సభ్యత్వానికి నెలకి 1000 గజాల సొంత నూలు ఇవ్వాలన్నారు. ఆడవాళ్ళు వడికిన నూలు వాళ్ళ పేరుమీదే జమ కావడం నాకు తెలిసినంతలో ఇక్కడే మొదలు.

అయితే అందరి నూలూ ఒకటి కాదు. చదువుకున్న ఇంటి ఇల్లాలు వడికింది యజ్ఞం. కూలికి వడికే ముసలామె వడికింది ఆ పూట గింజలు. రెండూ పరీక్షలో తప్పొచ్చు. ఒకరికి కాస్త చిన్నతనం, రెండోవారికి పస్తు. ఆ కూలి మరీ అన్యాయమని గాంధీయే 1935లో గొడవపెట్టి పెంచమన్నాడు. ఖద్దరు ధర పెరిగితే ఎవరు కొంటారని సంఘంలో వాళ్ళే భయపడ్డారు. కూలి పెరిగితే నూలు మెరుగ్గా ఉండాలన్న షరతూ వెంటే వచ్చింది. మెరుగు కావాలన్నప్పుడు ముందు కూలి పెంచాలన్న ఆలోచన ఈ మూడువందల ఏళ్ళ కథలో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా నాకు కనబడలేదు.

పక్క డెల్టాలో నర్సాపురం లేసు సంగతి మనకి మరియా మీస్ 1982 పుస్తకం ద్వారా తెలుసు. తీరిక వేళ అల్లుకునే పని అని పేరు, అమ్మేది మగవాళ్ళు, అల్లేవాళ్ళు గృహిణులు తప్ప కార్మికులు కారు. మన కండెలకీ అదే పేరు. 2019–20 నాటి నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల పైచిలుకు నేత, అనుబంధ కార్మికుల్లో 72 శాతం స్త్రీలే. కండెలు చుట్టడం, ఆసు పోయడం వంటివి 'అనుబంధ' పనులు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు ఇది చేతిమగ్గం మీద నేసిందని కొనేవాళ్ళకి హామీ ఇస్తుంది. మంచిదే, పవర్‌లూమ్ దొంగసరుకు నుంచి కొంత కాపు. కానీ కోత పడినప్పుడు ఆ కోతని ఇంట్లో ఎవరు భరించారన్నది ఏ మార్కూ చెప్పదు.

నాయనమ్మ పోయాక పెట్టె తీస్తే ఆరు చీరలున్నాయి. అన్నీ సొసైటీ తిరగ్గొట్టినవే. మా ఇంట్లో ఆడవాళ్ళు కట్టింది ఎప్పుడూ అవే చీరలని అప్పటిదాకా నేను గమనించలేదు. ఒకటి నేను తెచ్చుకున్నాను, ముదురు నీలం, సన్నంచు. ఓ పొద్దున వీధిగుమ్మంలో మా అమ్మాయి చేతికి ఒక కొస ఇచ్చి వెలుతురుకి చాపాను. పమిటకి జానెడు కింద పేక పల్చబడి ఉంది. దానికి ఎంత కోసుకున్నారో అమ్మనడిగాను. "గుర్తులేదే, మూడు రూపాయలేమో" అంది.