అబ్బే (క్రైస్తవ మఠము)

అబ్బే అనగా క్రైస్తవ సన్యాసులు గాని, సన్యాసినులు గాని ఒక అధిపతి పాలనలో కలసి జీవించు మఠము. ఆ మఠాధిపతిని ఆంగ్లమున అబాట్ అనియు, అధిపతి స్త్రీ అయినచో అబెస్ అనియు అందురు. తెలుగులో నిరాకరణను తెలుపు "అబ్బే" అను మాటతో ఈ పదమునకు సంబంధము లేదు.

పద వ్యుత్పత్తి

ఈ పదమునకు మూలము అరమాయిక్ భాషలోని "అబ్బా". దీనికి తండ్రి అని అర్థము. హీబ్రూ "ఆవ్", అరబ్బీ "అబ్" దీనికి సోదర పదములు. ఇది గ్రీకు, లాటిన్ భాషలలో "అబ్బాస్" అయినది. లాటిన్‌లో దీని నుండి మఠమును తెలుపు "అబ్బాతియా", స్త్రీవాచకమైన "అబ్బాతిస్సా" ఏర్పడినవి. "అబ్బాతియా" ప్రాచీన ఫ్రెంచి ద్వారా ఆంగ్లమున ప్రవేశించి "అబ్బే" అయినది. అనగా మొదట పుట్టినది మఠము పేరు కాదు, తండ్రి పేరు. తండ్రి ఉన్న ఇల్లే అబ్బే.

తెలుగులోను "అబ్బ" అనగా తండ్రియే. అయినను ఇది జ్ఞాతి పదము కాదు. పసిపిల్లలు తొలుత పలుకు ఓష్ఠ్యాక్షరముల నుండి ఇట్టి పదములు పెక్కు భాషలలో వేర్వేరుగా పుట్టినవి.

అర్థ పరిణామము

బైబిలు కొత్త నిబంధనలో "అబ్బా" మూడు చోట్ల దైవ సంబోధనగా కనిపించును (మార్కు 14:36, రోమా 8:15, గలతీ 4:6). 4వ శతాబ్దమున ఈజిప్టు ఎడారులలో తపస్సు చేసిన పెద్దలను శిష్యులు "అబ్బా" అనియు, స్త్రీలను "అమ్మా" అనియు పిలిచిరి. అప్పటికి అది గౌరవమే గాని పదవి కాదు.

6వ శతాబ్దమున ఇటలీలో సెయింట్ బెనెడిక్ట్ రచించిన నియమావళి ఈ పదవికి స్పష్టమైన రూపమిచ్చినది. మఠాధిపతి తన అధీనమున గల ప్రతి ఆత్మ గురించియు దేవుని యెదుట లెక్క చెప్పవలెననియు, ముఖ్య విషయములలో చిన్నవారితో సహా అందరి ఆలోచనను వినవలెననియు అందు కలదు. కాలక్రమమున మఠములకు భూములు, సంపదలు పెరిగినవి. మఠమున నివసింపకయే ఆదాయము అనుభవించు అధిపతులు ఏర్పడిరి. ఫ్రాన్సులో 1516 ఒప్పందము వలన వీరిని ప్రతిపాదించు హక్కు రాజునకు లభించినది. పిదప అక్కడ "అబే" అనునది సామాన్య మతాచార్యులకు సైతము మర్యాదవాచకమైనది.

మఠము పోయినను నిలిచిన పేరు

ఇంగ్లండులో 8వ హెన్రీ 1536-1540 మధ్య మఠములను రద్దు చేసెను. వెస్ట్‌మినిస్టర్‌లోని మఠము 1540లో మూతపడినది. అక్కడ నేడు అబాట్ లేడు, డీన్ కలడు. అయినను దానిని వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనియే పిలుతురు. వోబర్న్ అబ్బే ప్రభువుల భవనమైనది. క్రొయేషియాలోని ఒపాతియా పట్టణము పేరునకు కూడ అబ్బే అనియే అర్థము.

సంబంధిత పదములు

ప్రయరీ: ప్రయర్ పాలించు మఠము. లాటిన్‌లో "ప్రియోర్" అనగా ముందువాడు.
మొనాస్టరీ: ఏకాకి అను అర్థము గల గ్రీకు "మోనోస్" నుండి వచ్చినది.
హెగూమెన్: తూర్పు క్రైస్తవ సంఘములలో మఠాధిపతి. గ్రీకులో నాయకుడు అని అర్థము.

ఇవి కూడా చూడండి

మఠము
విహారము
సెయింట్ బెనెడిక్ట్