కలిపినవాళ్లు తప్పుకునేదాకా

1878 జనవరి 28న అమెరికాలోని న్యూ హేవెన్‌లో జార్జ్ కోయ్ టెలిఫోన్ ఎక్స్చేంజి తెరిచాడు. వ్యాపారానికి పెట్టిన ఎక్స్చేంజీల్లో అదే మొదటిది. చందాదారులు 21 మంది. బండి బోల్టులు, టీ పాత్రల మూతల పిడులు పోగేసి ఆయన కట్టిన స్విచ్‌బోర్డు మీద ఒకేసారి రెండే సంభాషణలు నడిచేవని చెబుతారు. మూడో జంట మాట్లాడాలంటే ముందు ఎవరో ఒకరు ఫోను పెట్టేయాలి.

లైను విలువ అప్పుడే తెలిసొచ్చింది. వందేళ్ల తర్వాత కాల్‌సెంటర్లు కుస్తీపట్టిందీ ఈ లెక్కతోనే.

తర్వాతి తరం బోర్డుల ముందు ఆపరేటరు పని చూడముచ్చటగా ఉండేది. ఒక తాడు గుచ్చి ఎవరు కావాలో అడగడం, దాని జత తాడును రెండో సాకెట్లో గుచ్చి గంట మోగించడం, మీట తిప్పి తాను పక్కకు తప్పుకోవడం. మాట్లాడేవాళ్లు ఫోను హుక్కును టకటకా నొక్కితే బోర్డు మీద దీపం మిణుకుమనేది. ఆమె మళ్లీ వచ్చి, తాడు పీకి ఇంకొకరి సాకెట్లో గుచ్చేది. పాత లైను అక్కడికక్కడే ఖాళీ. ట్రంకాల్ బుక్ చేసి గంటలకొద్దీ ఎదురుచూసిన మన పెద్దవాళ్లకు అలా కలిపి తప్పుకునే గొంతు బాగా తెలుసు.

1967లో ఏటీ అండ్ టీ 800 నంబర్ల సేవ మొదలుపెట్టింది. కాల్ ఖర్చు అందుకున్న కంపెనీదే. 1973లో రాక్‌వెల్ సంస్థ కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ కోసం గెలాక్సీ అనే యంత్రం చేసింది. వచ్చిన కాల్‌ను ఖాళీగా ఉన్న ఉద్యోగికి అదే పంచిపెట్టేది. చిక్కల్లా ఆ కాల్‌ను వేరే ఊళ్లోని ఆఫీసుకు పంపాల్సి వచ్చినప్పుడే. ఒక లైన్లో లోపలికొచ్చిన కాల్ ఇంకో లైన్లో బయటికి పోయేది. మాటలు ముగిసేదాకా రెండూ ఇరుక్కుపోయేవి. గొట్టం ముందుకెళ్లి వెనక్కి తిరిగే ట్రాంబోన్ వాద్యం పేరు మీద దీన్ని ట్రాంబోనింగ్ అన్నారు. అమెరికాలో కంపెనీలు వాడే పీఆర్‌ఐ అనే డిజిటల్ లైన్లో మాటకు 23 చానళ్లు. అలాంటి కాల్స్ 11 పడితే 22 చానళ్లు నిండిపోతాయి, మిగిలేది ఒక్కటే.

అందుకే కాల్‌ను టెలికాం కంపెనీకే తిరిగి అప్పగించే పద్ధతులు పుట్టాయి. కొన్ని సేవల్లో ఉద్యోగి తరఫున యంత్రం స్టార్ 8 నొక్కి, వెంటనే కొత్త నంబరు కొట్టేది. ఆ మీటల శబ్దం విని కంపెనీ కాల్‌ను వెనక్కి లాక్కుని కొత్త చోటికి కలిపేది. పీఆర్‌ఐలో ఇదే పనికి రెండు చానళ్లను కలిపి వదిలించుకునే ఏర్పాటు వచ్చింది.

తర్వాత ఇంటర్నెట్ బాట పట్టింది ఫోను. హెన్నింగ్ షుల్జ్‌రిన్, మార్క్ హ్యాండ్లీ వంటివారు రూపుదిద్దిన సిప్, అంటే ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే నియమావళి, 1999 మార్చిలో ప్రమాణంగా వెలువడింది. 2002 జూన్‌లో దాన్ని తిరగరాశారు. మరుసటి ఏడాది ఏప్రిల్లో రాబర్ట్ స్పార్క్స్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 3515 అనే ప్రమాణ పత్రంతో ‘రెఫర్’ అనే సందేశం చేరింది.

దాని నడక ఇలా ఉంటుంది. కాల్‌సెంటర్ అంచున ఉన్న పరికరం, కాల్ వెళ్లాల్సిన నంబరు రాసి రెఫర్ పంపుతుంది. టెలికాం కంపెనీ 202 అని బదులిస్తుంది, అంటే అభ్యర్థన అందిందని. తానే కొత్త నంబరుకు కాల్ పెడుతూ సంగతులు ఎప్పటికప్పుడు చెబుతుంది: 100 వస్తే ప్రయత్నంలో ఉన్నట్టు, 200 వస్తే అవతల ఫోను ఎత్తినట్టు, 486 వస్తే లైను బిజీ. ఎత్తారంటే కాల్‌సెంటర్ లైను తెగి ఖాళీ అవుతుంది. బిజీ అయితే కస్టమర్ ఇంకా ఉద్యోగి దగ్గరే ఉంటాడు, గాల్లో వేలాడడు. కస్టమర్ చెప్పిన ఖాతా వివరాలు కాల్ వెంటే పంపే పద్ధతికి 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7433 వచ్చింది. కొత్త ఉద్యోగి అదే ప్రశ్న మళ్లీ అడగనక్కర్లేదు.

అయినా అన్ని టెలికాం కంపెనీలూ రెఫర్‌ను ఒప్పుకోవు. కొత్త కాల్ బిల్లు ఎవరి మీద వేయాలి, ఎవరైనా దొంగచాటుగా ఖరీదైన విదేశీ నంబరుకు మళ్లిస్తే ఎలా అన్నది వాళ్ల బెంగ. అలాంటి చోట కాల్‌సెంటర్ పరికరమే లోపలికొచ్చిన, బయటికెళ్లిన రెండు లైన్లనూ పట్టుకుని మధ్యలో నిలబడుతుంది. కస్టమర్ ఇంకో ఊరి ఉద్యోగితో అరగంట మాట్లాడితే, ఆ అరగంటా రెండు చానళ్లు ఇరుక్కునే ఉంటాయి.