కుంచమును త్రాసును



మా పెద్దల కాలమున ధాన్యమును కొలిచెడివారు. బెల్లమును, చింతపండును తూఁచెడివారు. 4 మానికలు కుంచము, 4 కుంచములు తూము, 20 తూములు పుట్టి, ఇది కొలత. 120 తులములు వీసె, 8 వీసెలు మణుగు, ఇది తూనిక. ఈ రెండు పట్టీలను బాలురు ఎక్కములతోపాటు వల్లించెడివారు. కాని కుంచెడు ధాన్యము ఎన్ని వీసెలని తెలుపు ఎక్కము మాత్రము లేదు. ఏల లేదో మనవి చేసెదను.

కొలత వస్తువు ఆక్రమించు చోటును తెలుపును. తూనిక దాని బరువును తెలుపును. లీటరు పాత్రలో నీరు ఒక కిలోగ్రాము తూఁగును. అదే పాత్రలో బియ్యము సుమారు 800 గ్రాములు, వడ్లు 600 గ్రాములకు లోపుగానే తూఁగును. ఊఁక తేలిక, గింజకును గింజకును నడుమ గాలి నిలుచును. పిండి సంగతి మఱియు చిత్రము. జల్లించి పోసిన ఒక బరువు, పాత్రను తట్టి నింపిన వేఱొక బరువు. నేను బడిలో నున్నంతకాలము బాలురచే సోలతో వీనిని కొలిపించి తూఁపించితిని. పాత్ర యొక్కటియై బరువు మాఱుట చూచి వారు విస్మయపడెడివారు.

ఈ చిక్కును మన ప్రాచీనులు ఎఱుఁగుదురు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ యధికరణమందు, 4 కుడుబములు ప్రస్థము, 4 ప్రస్థములు ఆఢకము, 4 ఆఢకములు ద్రోణము అని యున్నది. ద్రోణమునకు ప్రమాణ మేమి? ఇన్ని పలముల మినుములు పట్టు పాత్ర యని యాతఁడు నిర్ణయించెను. ధాన్యము పేరు చెప్పి బరువు చెప్పెను గనుక పాత్ర నిలిచినది. పాత్రపై పోయు రాశి నాలవవంతుగా నుండవలె ననియుఁ జెప్పెను.

అచ్చటనే మఱియొక విశేషము కలదు. రాజునకు వచ్చు ధాన్యమును కొలుచు ద్రోణము 200 పలములు, వ్యవహారమునకు 187½, భృత్యులకు కొలుచునది 175, అంతఃపురమునకు 162½. పుచ్చుకొను పాత్ర పెద్దది, ఇచ్చు పాత్ర చిన్నది! అయినను ఆ భేదము శాస్త్రమున వ్రాయఁబడి యుండెను. వ్రాఁత లేక ఇంటిలో రెండు కుంచములు దాఁచుట వేఱు మాట.

1956లో పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి 1958 అక్టోబరు మొదలు కిలోగ్రాములు క్రమముగా వాడుకకు వచ్చినవి. 80 తులముల సేరు 933 గ్రాములాయెను. తూనికను తూనికగా మార్చుట సులభమే. కొలతను తూనికగా మార్చునపుడే తగవులు పుట్టినవి. మా తండ్రిగారు ఒకటి చెప్పుచుండెడివారు. మా యూర నొక రైతు కూలిపనిచేయు నొక యమ్మకు తూమెడు వడ్లు అప్పిచ్చెను. తీర్చువేళ నాతఁడు కుంచెడు బియ్యము తూఁచి, ఆ బరువును నాలుగుచే హెచ్చవేసి, అన్ని కిలోల వడ్లు తూఁచి యిమ్మనెను. మోసగింపవలెనని కాదు, కుంచ మొక్కటియే కదా యని తలఁచెను. ఆమెకు లెక్క తెలియదు గాని, గాదెలో వడ్లు తఱిగిపోవుట తెలిసి, మా తండ్రిగారికడ మొఱపెట్టుకొనెను. వారు అదే కుంచముతో వడ్లు కొలిపించి త్రాసున వేయించిరి. ఆ లెక్కనే ఇచ్చియుండినచో ఆమె తూమునకు ఇంచుమించు తూమున్నర ఇచ్చియుండెడిది. రైతు సిగ్గుపడి, ఎక్కువ వచ్చినది మరల కొలిచి యిచ్చెను.

పెద్దలారా, మీ యిండ్లలో పాత పత్రములు కలవు. అందలి పుట్లు, తూములు ఎన్ని కిలోలని మనుమలు అడిగెదరు. ఒక్క అంకె చెప్పి పంపకుఁడు. ఏ ధాన్యము? ఏ యూరి కుంచము? అంచునకు చదునుచేసి కొలిచిరా, రాశిపోసి కొలిచిరా? ఈ మూఁడును విచారించి, ఆ పాత్ర యింట నున్నచో ఒక్కసారి కొలిచి తూఁచి చూపుఁడు. సెలవు.