తేరు ఎవరిది? ఉగాది ఊరేగింపు ఎవరిది?



పోయిన వారం బాగలూరు నుంచి ఇంటిల్లిపాదీ హోసూరు తేరుకు పోయొచ్చినాము. చంద్రచూడేశ్వరుని కొండ కింద తేరుపేటలో కాలు పెట్టే సందు లేదు. ముందు వినాయకుని తేరు, దాని వెనక స్వామి తేరు, ఆ వెనక మరకతాంబిక అమ్మవారిది. తాడు పట్టినవాళ్లలో ఒకరు తెలుగులో కేక వేస్తే పక్కవాళ్లు తమిళంలో, కన్నడంలో అందుకున్నారు. మా చిన్నోడు అడిగినాడు, "అవ్వా, ఈ తేరు ఎవురిది?" అని. "లాగేటోళ్లందరిదీ రా" అనింది మా అమ్మ.

ఇంకో వారంలో ఉగాది. ఊరేగింపు తెలుగు ఇండ్ల వరకే పెట్టుకుందామా, వీధిలో అందరినీ పిలుద్దామా అని మన సంఘంలో మాటలు నడుస్తా ఉండాయి కదా. అందుకే ఈ రాత. పొడుగైనా చదవండి.

ఐర్లండువాళ్లకు మార్చి 17 సెయింట్ ప్యాట్రిక్ పండగ. న్యూయార్కులో ఆ ఊరేగింపు 1762 నుంచి ఉంది. 1845లో ఉర్లగడ్డ పంటకు తెగులు తగిలి, ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చచ్చిపోయినారు. అంతకన్నా ఎక్కువ మంది దేశం విడిచినారు. పరాయి ఊర్లో తలెత్తుకుని నడిచే దినం వాళ్లకు అదే. అట్లాంటివాళ్లే 1990లలో తమలోని గే, లెస్బియన్ సంఘాలను సొంత బ్యానరుతో నడవనీయలేదు. దాంతో 2000లో క్వీన్స్‌లో కొందరు వేరే ఊరేగింపు మొదలుపెట్టినారు. 'అందరి కోసం' అనే మాటను దాని పేరులోనే పెట్టి, చుట్టుపక్కల ఉండే వేరే దేశాలవాళ్లనూ కలుపుకున్నారు. పెద్ద ఊరేగింపు 2015లో గానీ మారలేదు.

మనకూ ఐర్లండుకూ ఒక చుట్టరికం ఉంది. వి.వి. గిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ పోయినారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం చూసి, 1916లో తిరిగొచ్చి, కార్మిక నాయకుడై, 1969లో రాష్ట్రపతి అయినారు. ఆయన పుట్టిన తెలుగు ఇల్లు బరంపురంలో. 1936లో ఆ ఊరు ఒరిస్సాకు పోయింది. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు మన హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గీతలు ఎక్కడ గీసినా ఇరుగుపొరుగు మాత్రం అట్లే ఉంటారు.

"అందరినీ పిలిస్తే మన తెలుగు మునిగిపోతుంది" అంటారు కొందరు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. మా బిడ్డలు తెలుగు మాట్లాడతారు, రాయలేరు. న్యూయార్కులో నడిచే ఐరిష్‌వాళ్లలో ఎక్కువ మందికీ తాతల భాష రాదు. అయితే ఊరేగింపుకు పక్కింటివాళ్లు రాబట్టి అది పోలేదు. కరువులో ఊర్లు ఖాళీ కాబట్టి, బడిలో, కొలువులో ఇంగ్లీషే నడిచింది కాబట్టి పోయింది.

కాబట్టి నా మాట ఇది. ఊరేగింపుకు అందరినీ పిలుద్దాము. కన్నడిగులకూ ఆ దినమే యుగాది. మనం తలుపేస్తే వాళ్లకేం చెప్తాము? మైకులో మొదటి మాట తెలుగులో ఉండనీ. దాంతోపాటు ప్రతి ఆదివారం బిడ్డలకు అక్షరాలు నేర్పిద్దాము. ముందు నా ఇద్దరు బిడ్డల పేర్లు రాసుకోండి. మీ బిడ్డల పేర్లు కింద పెట్టండి. కాదనేవాళ్లు కూడా ఎందుకు కాదో రాయండి, కూర్చుని మాట్లాడుకుందాము.