దవఖానా మంచం మీద రాయించిన ఖత్‌లు

చేవెళ్ల, మొయినాబాద్ వైపు మన ఇళ్లలో పాత సందూక్ తెరిస్తే ముందు వెతికేది జమీన్ కాగజాలే. సేత్వార్, పహాణీ ఉర్దూలో ఉన్నా ఫికర్ లేదు, చదివేవాళ్లను ఎక్కడున్నా పట్టుకొస్తాం. దాని కిందే ఉన్న దాదా, పర్‌దాదాల ఖత్‌లు మాత్రం రద్దీవాడికి పోతాయి. ఆ ఖత్‌ల ఖీమత్ తెలియాలంటే నూరేళ్ల కిందటి ఒక దవఖానా సంగతి చెప్పుకోవాలి.

1914లో మొదటి ప్రపంచ జంగ్ మొదలైంది. ఆ ఏడాదే సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్ ఫ్రాన్స్ చేరింది. అందులో 20వ దక్కన్ హార్స్ ఒక రిసాలా. హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన ఈ రిసాలాలో సిక్కులు, జాట్లతో పాటు దక్కనీ ముస్లిం సవార్లూ ఉన్నారు. 1916 జులై 14న సోమ్ మైదానంలో, హై వుడ్ దగ్గర, మెషిన్ గన్ల ఎదుట గుర్రాల మీద హమ్లా చేసింది వీళ్లే.

ఫ్రాన్స్‌లో జఖ్మీ అయిన హిందుస్తానీ సిపాయిల కోసం ఇంగ్లండ్‌లోని బ్రైటన్ పట్నంలో దవఖానాలు తెరిచారు. కొత్తవి కట్టే వ్యవధి లేదు. నాలుగో జార్జ్ బాద్షా తన షౌక్ కోసం గుంబద్‌లు, మినార్‌లతో కట్టించుకున్న రాయల్ పెవిలియన్ మహల్‌నే 1914 డిసెంబర్‌కల్లా దవఖానా చేశారు. పక్క భవనాలతో కలిపి 700కు పైగా మంచాలు వేశారు. ఒక స్కూలునూ, గరీబుల కోసం ఉన్న వర్క్‌హౌస్‌నూ కూడా ఇలాగే మార్చారు. పెవిలియన్‌లో తొమ్మిది బావర్చీఖానాలు, ముస్లింలకూ హిందువులకూ వేర్వేరు నల్లాలు, ఉర్దూ, హిందీ, గురుముఖిలో బోర్డులు, నమాజ్‌కు తోటలో జగా ఏర్పాటు చేశారు.

ఈ ఖాతిర్‌దారీ వెనక సియాసత్ కూడా ఉంది. ఖలీఫా అయిన తుర్కీ సుల్తాన్ జర్మనీ పక్షాన జంగ్‌లోకి దిగాడు. ముస్లిం సిపాయిల మయ్యత్‌లకు సరిగా దఫన్ కూడా జరగడం లేదని జర్మన్లు ప్రచారం చేశారు. అందుకే వోకింగ్‌లో, 1889లో భోపాల్ బేగం షాజహాన్ మదద్‌తో కట్టిన మసీదుకు దగ్గర్లో, వాళ్లకు ప్రత్యేకంగా ఖబరస్తాన్ కట్టారు. 1915లో పెవిలియన్ చరిత్రను ఇంగ్లిష్, గురుముఖి, ఉర్దూలలో చిన్న కితాబ్‌గా వేసి సిపాయిలకు పంచారు. ఇప్పుడది చాలా అరుదు.

అంతకన్నా అరుదైనవి ఖత్‌లు. చదువు రాని సిపాయిలు మంచం మీద నుంచే ఇంకొకరితో రాయించేవాళ్లు. ఆ ఖత్‌లను సర్కార్ సెన్సార్ తెరిచి చదివేది. కెప్టెన్ హోవెల్ అనే అఫ్సర్ దానికి పెద్ద. ఆ సంగతి సిపాయిలకూ తెలుసు. అందుకే తమను నల్ల మిరియాలని, గోరా సిపాయిలను ఎర్ర మిర్చి అని ఇషారాతో రాయించేవాళ్లు. నల్ల మిరియాలు అయిపోతున్నాయంటే చావులు ఎన్ని జరుగుతున్నాయో ఇంట్లోవాళ్లు అర్థం చేసుకోవాలి.

సెన్సార్‌వాళ్లు ఖత్‌లలోని ముఖ్యమైన మాటలను ఇంగ్లిష్‌లోకి తర్జుమా చేసి రిపోర్టుల్లో ఎక్కించారు. ఆ రిపోర్టులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో నేటికీ భద్రంగా ఉన్నాయి. అసలు ఖత్‌లు ఊళ్లకు చేరాయి, చాలామటుకు ఇళ్లలోనే పోయాయి. ఇవాళ ఒక సిపాయి దర్ద్ ఏమిటో తెలుసుకోవాలన్నా, షక్‌తో అతని ఖత్ తెరిచినవాడి ఇంగ్లిషే మనకు దిక్కు. అతను రాయించిన అసలు మాటలు దొరకవు.

1884 నుంచి నిజాం రియాసత్‌లో సర్కారీ జబాన్ ఉర్దూ. మన ఇళ్లలో పాత కాగజాలు ఆ లిపిలో ఉండటం మామూలే. పిల్లలు తెలుగు, ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్నారు, తప్పు లేదు. కానీ పాత ఇల్లు కూల్చి ప్లాటు చేసేముందు ఆ కట్ట విప్పండి. మసీదు ఇమామ్ సాబ్‌తోనో, రిటైరైన ఉర్దూ టీచర్‌తోనో చదివించండి. ఫోన్‌లో ఫొటో తీసి, ఎవరు ఎవరికి ఏ సంవత్సరం రాశారో తెలుగులో ఒక చీటీ రాసి పెట్టండి. చదవగలిగే బుజుర్గులు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి.