మెరిమాక్ తీరమున చిన్నవారి పెద్దరికము

మసాచుసెట్స్ అను అమెరికా రాష్ట్రమునకును మన దక్షిణదేశమునకును ఒకప్పుడు మంచుగడ్డల సంబంధ ముండెను. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటి చెరువులలో శీతకాలమునందు గడ్డకట్టిన నీటిని రంపములతో కోసి, పొట్టులో పొదిగి, ఓడలకెక్కించి బోస్టన్ రేవునుండి మద్రాసునకు పంపుచుండిరి; ఆ మంచును దాచుటకు 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికిని చెన్నపట్టణపు సముద్రతీరమున వివేకానందుని పేర నిలిచియున్నది. ఆ సంవత్సరముననే ఆ రాష్ట్ర శాసనసభ, పండ్రెండేండ్లలోపు పిల్లలచేత కర్మాగారములలో దినమునకు పది గంటలకు మించి పని చేయింపరాదని ఒక చట్టము చేసెను. అంతటి పసివారికి పది గంటలను హద్దుగా నిర్ణయించుటయే గొప్ప దయాకార్యముగా ఎన్నబడిన కాలమది.

ఆ చట్టమునకు పూర్వమును, తరువాతను, పనిపట్టున పిన్నవయస్కుల క్షేమమును గూర్చి ఆ రాష్ట్రమున జరిగిన పోరాటములను పరిశీలించువారికి ఒక విషయము మాటిమాటికి కంటబడుచుండును. ప్రమాద మెక్కడ పొంచియున్నదో ముందుగా ఎఱిగి, తోడివారికి చెప్పి, వారిని వెంటబెట్టుకొని బయటికి నడచినవారిలో పదునాఱేండ్లు నిండనివారు పలువురు కలరు. చరిత్రకారులు సంఘనాయకుల పేర్లను, శాసనముల సంవత్సరములను శ్రద్ధతో వ్రాసికొనిరి గాని, ఈ పిల్లల పెద్దరికమును ఒక ముచ్చటగా మాత్రమే ఎంచి పుట యంచున విడిచిపెట్టిరి. అది న్యాయము కాదని నా యభిప్రాయము.

ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అను బోస్టన్ వర్తకుడు ఇంగ్లండునకు పోయి, అచ్చటి మరమగ్గముల నిర్మాణమును కంటితో చూచి మనస్సున నిలుపుకొని వచ్చి, వాల్థాం గ్రామమున దూది మొదలు గుడ్డ వఱకు ఒక్క కప్పు క్రిందనే తయారగు మిల్లును నెలకొల్పెను. అతడు 1817లో మరణించిన పిమ్మట అతని భాగస్వాములు మెరిమాక్ నదిపై పావ్‌టకెట్ జలపాతమున్న చోటు నెన్నుకొని, కాలువలు త్రవ్వి, నీటిచక్రములు బిగించి, 1823 నాటికి నూలు వడకుట ప్రారంభించిరి; 1826లో ఆ చోటు అతని పేరనే లోవెల్ పట్టణమైనది. దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి బానిసలు ఏరిన దూదియే ఆ మిల్లుల కాహారము. ఆ మిల్లులలో నేసిన ముతకగుడ్డలో కొంత మరల ఆ బానిసల ఒంటిమీదికే పోవుచుండెను. స్వేచ్ఛను గూర్చి అంతగా ప్రసంగించిన ఆ ఉత్తరాది పెద్దలు ఈ లావాదేవీని గూర్చి సాధారణముగా మౌనము వహించుచుండిరి.

మిల్లులలో పనికి చుట్టుపట్ల పల్లెలనుండి రైతుల ఆడుబిడ్డలను పిలిపించిరి. వారి వసతికి కంపెనీయే పూటకూళ్ళ యిండ్లను కట్టించి, వానిని నడుపుటకు ఎక్కువగా వితంతువులను నియమించెను. గంట మ్రోగినపుడు లేచి, గంట మ్రోగినపుడు తిని, గంట మ్రోగినపుడు పరుండు జీవితమది. అట్టి పూటకూళ్ళ యింటి నొకదానిని నడుపు వితంతువు కూతురు హారియెట్ హాన్సన్ 1825లో జన్మించినది. పదేండ్ల ప్రాయముననే మిల్లులో చేరినది. ఆమె పని, కదుళ్ళపై నిండిన కండెలను ఊడదీసి, వట్టి కండెలను తగిలించుట. పెద్ద కష్టమైన పని కాదు. గంటలో పావుభాగము చేతులాడించినచో తక్కిన కాలము చదువుకొనవచ్చును, అల్లికపని చేసికొనవచ్చును, ఒక్కొకప్పుడు ఆవరణలో ఆడుకొనవచ్చును. కాని ఉదయ మయిదు గంటలు మొదలు సాయంకాల మేడు వఱకు, రెండు భోజనములకు రెండు అరగంటలు తప్ప, అచ్చటనే ఉండవలెను. వారమునకు రెండు డాలర్ల కూలి.

1834లో కూలి తగ్గించినపుడు లోవెల్ బాలికలు ఒకసారి పని మానిరి, కాని ఓడిపోయిరి. 1836 అక్టోబరులో కంపెనీలు వసతిగృహపు ఖర్చును బాలికల నెత్తిపై మరికొంత మోపగా, వేయిమందికి మించి పని విడిచి బయటికి వచ్చిరి. హారియెట్ పనిచేయుచున్నది క్రింది అంతస్తులోని గది. పైగదులవారు ముందుగా దిగిపోయిరి. ఈ గదిలోని పెద్ద బాలికలు నిన్నటివఱకు గట్టిగా మాటలాడినవారే, ఇపుడు యంత్రముల మధ్య నిలిచి ఒకరి ముఖము లొకరు చూచుకొనుచుండిరి. వెళ్ళుదమా, వలదా, వెళ్ళిన పని పోవునేమో యని గుసగుసలు. అప్పుడు ఈ పదునొకండేండ్ల పిల్ల, ఎవరు వచ్చినను రాకున్నను తాను పోవుచున్నానని చెప్పి నడచెను. గది యంతయు ఆమె వెనుక కదలెను. వెనుదిరిగి ఆ బారును చూచినపుడు కలిగిన గర్వము జీవితమున మఱి దేనివలనను కలుగలేదని ఆమె 1898లో ప్రకటించిన జ్ఞాపకముల గ్రంథమున చెప్పుకొనెను; అప్పటికామె స్త్రీల ఓటుహక్కు ఉద్యమమున తలపండిన కార్యకర్త్రి.

ఆ గ్రంథముననే మఱియొక సంగతి కలదు. సమ్మె ముగిసిన పిదప కంపెనీ ఏజెంటు హారియెట్ తల్లిని పూటకూళ్ళ యింటి ఉద్యోగమునుండి తొలగించెను. ఇంటనున్న పెద్ద బాలికలను ఆపుట నీ చేత కాకపోవచ్చును, నీ కూతురు పసిపిల్ల గదా, దానినైన అదుపున ఉంచవలసినది గాదా అని అతని వాదము. కండెలు తీయుటకు పెద్దదైన పిల్ల నోరు విప్పునప్పటికి పసిదైపోయినది! యజమానుల తర్కములో వయస్సు ఇట్లు అవసరమును బట్టి పెరుగుచు తరుగుచుండుట, ఒక్క లోవెల్ పట్టణమునకే పరిమితమైన వింత కాదు.

కూలి మాట అట్లుండ, ప్రాణముల మాటయు ఉన్నది. దారము తెగకుండ తేమ నిలుచుటకై మిల్లులలో కిటికీలను మూసియుంచుచుండిరి. గాలిలో దూదిపొట్టు ఎగురుచుండును. కప్పునంటి తిరుగు ఇరుసులనుండి యంత్రములకు దిగిన తోలుపట్టాలు, జుట్టుగాని కొంగుగాని చిక్కినచో వదలవు. 1845 ఆరంభమున సారా బాగ్లీ మొదలగువారు (బాగ్లీ అప్పటికే బాలిక కాదు, పలు సంవత్సరములు మగ్గముకడ నిలిచిన అనుభవజ్ఞురాలు) రెండువేలకు పైగా సంతకములతో పది గంటల పనిదినమును కోరుచు శాసనసభకు మహజరు పంపగా, ఒక ఉపసంఘము వారి సాక్ష్యమును వినెను. అందొక స్త్రీ తాను పనిచేయు గదిలో సుమారు 130 మంది స్త్రీలు, 11 మంది పురుషులు, పదునొకండు మొదలు పదునాలుగేండ్ల వయస్సుగల 12 మంది పిల్లలు ఉన్నారనియు, చీకటివేళ 293 చిన్న దీపములును 61 పెద్ద దీపములును అందు వెలిగింతురనియు లెక్క చెప్పెను. మూసిన కిటికీల నడుమ మూడువందల ఏబది నాలుగు దీపముల పొగ! ఆ గాలి ఆరోగ్యకరము కాదని ఆమె మర్యాదగా మనవి చేసెను. ఉపసంఘము సానుభూతి తెలిపి, ఇది శాసనసభ చక్కబెట్టదగిన విషయము కాదని తేల్చినది. దాని అధ్యక్షుడు విలియం షౌలర్ లోవెల్ ప్రతినిధియే. ఓటుహక్కు లేని ఆ స్త్రీలు ఊరంతయు తిరిగి ప్రచారము చేయగా, తరువాతి ఎన్నికలలో అతడు ఓడిపోయెను.

అటుపిమ్మట చట్టములు వచ్చినవి, మెల్లగా వచ్చినవి. 1860 జనవరి 10వ తేదీ సాయంకాలము, నదివెంట పదిమైళ్ళ దిగువనున్న లారెన్స్ పట్టణమున, పెంబర్టన్ మిల్లు అయిదంతస్తులును పనివారు లోపలనుండగనే కూలిపడెను. ఇనుపస్తంభములు లోపభూయిష్టములని తరువాత తేలినది. శిథిలములలో చిక్కినవారిని వెలికితీయుచుండగా ఒక లాంతరు పగిలి నిప్పంటుకొనుటచే, బ్రతుకదగినవారు సైతము మడిసిరి. స్త్రీలకును బాలలకును పదిగంటల దినము 1874లో అమలులోనికి వచ్చెను. పట్టాలకు, పళ్ళచక్రములకు కంచెలు వేయవలెననియు, అగ్నిప్రమాదమున బయటపడు మార్గములుండవలెననియు 1877లో చేసిన చట్టము ఆ దేశమున అట్టివానిలో మొదటిది. కంచె వేయుమని చెప్పుట ఒకటి, వేసినారా యని చూచుట మఱియొకటి. ఈ రెంటి నడుమనున్న అంతరమెంతయో 1912లో ఒక బాలిక తన తలపైనే చూపవలసి వచ్చినది.

ఆ సంవత్సరము జనవరి మొదటి తేదీనుండి స్త్రీలకును బాలలకును వారమునకు 56 గంటల పనిని 54 గంటలకు తగ్గించుచు చట్టము అమలులోనికి రాగా, లారెన్స్ ఉన్నిమిల్లుల యజమానులు గంటలతోపాటు కూలిని కూడ తగ్గించిరి. వారమునకు కొన్ని రొట్టెల వెలకు సరిపోవునంత తగ్గింపు అని అనుకొనుచుండిరి. ఇటలీ, పోలండ్, లిథువేనియా, సిరియా మొదలగు దేశములనుండి వచ్చిన ఇరువదివేల మందికి పైగా పనివారు సమ్మెకట్టిరి. ఇంట తిండి లేని పిల్లలను న్యూయార్కులోని సానుభూతిపరుల యిండ్లకు పంపగా, వారి వెంట వెళ్ళిన మార్గరెట్ సాంగర్ అను నర్సు, 119 మంది పిల్లలలో లోదుస్తులున్నవారు నలుగురే యని ప్రభుత్వము ముందు సాక్ష్యమిచ్చెను. దేశమునకంతకు ఉన్ని నేయు ఊరు అది. ఫిబ్రవరి 24న రైలుస్టేషనులో పోలీసులు తల్లులను బిడ్డలను లాఠీలతో కొట్టుటతో దేశము ఉలికిపడెను. మార్చి నెలారంభమున ప్రతినిధిసభ ఉపసంఘము వాషింగ్టనులో విచారణ జరిపెను. ప్రేక్షకులలో అధ్యక్షుని భార్య హెలెన్ టాఫ్ట్ కూర్చుండియుండెను.

సాక్ష్యమిచ్చుటకు లారెన్స్‌నుండి వెళ్ళినవారిలో పలువురు పిల్లలే. వారిలో కమెల్లా టియోలి అను పదునాలుగేండ్ల ఇటాలియన్ బాలిక చెప్పినదాని సారాంశమిది: ఒకడు ఇంటికి వచ్చి, పిల్లను పనికేల పంపవని తండ్రి నడిగెను, పదమూడో పదునాలుగో తెలియదని తండ్రి యనగా, నాలుగు డాలర్లిచ్చినచో పదునాలుగేండ్లు నిండినట్లు స్వదేశమునుండి కాగితము తెప్పించెదననెను, అట్లే తెప్పించెను. మిల్లులో దారములు పేనెడి యంత్రముకడ రెండు వారములు గడచినవో లేదో, ఆమె జుట్టు యంత్రమున చిక్కి తలచర్మము ఊడివచ్చెను. ఏడు మాసములు ఆసుపత్రిలో నుండెను. కంపెనీ ఆసుపత్రి ఖర్చు లిచ్చెను గాని పోయిన కూలి నీయలేదు. సమ్మె ఎందుకు చేసితివని అడుగగా, ఇంట కడుపునిండ తిండిలేక అని ఆమె యుత్తరము. సభ్యులు అడిగినదానికి అడిగినంతే చెప్పినది, కంటతడి పెట్టలేదు, ఎవరిని దూషింపలేదు. పెద్ద వక్తలు ఆ సమ్మెకు కావలసినంతమంది ఉండిరి గాని, పత్రికలు ఈ పిల్ల మాటలను ప్రచురించిన తీరున వారి ప్రసంగములను ప్రచురింపలేదు.

మార్చి 14న సమ్మె జయప్రదముగా ముగిసెను. న్యూ ఇంగ్లండులోని ఇతర మిల్లులలో కూడ కూలి పెరిగెను. ఆ యేటనే మసాచుసెట్స్ స్త్రీలకును మైనరులకును కనీసవేతనమును నిర్ణయించుటకు చట్టము చేసెను. ఉల్లంఘించినవారి పేర్లను పత్రికలలో వేయుటయే దానికున్న శిక్ష. కమెల్లా మాత్రము మిల్లు పట్టణముననే జీవించి, తన వాషింగ్టను ప్రయాణమును గూర్చి ఇంట నెన్నడును మాటలాడలేదు. ఆమె కూతురు ప్రతిదినము తల్లి జుట్టును దువ్వి, నడినెత్తి బోడిచోటును ముడితో కప్పుచుండియు, దానికి కారణ మేమో తల్లి మరణించిన ఎంతో కాలమునకు ఒక పత్రికారచయిత వచ్చి చెప్పినపుడు గాని ఎఱుగదు. ఆ ఊరిలో సమ్మెను గూర్చిన మాట దశాబ్దముల పాటు అట్లే అణగియుండెను.

1938 నాటి సమాఖ్య చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని ప్రమాదకరమగు పనులలో పెట్టరాదని నిషేధించినది; 1970లో పనిస్థలముల భద్రతకు ప్రత్యేక చట్టము వచ్చినది. ఈలోగా మిల్లులు దక్షిణాదికి తరలిపోయినవి. లోవెల్ మిల్లులలో కొన్ని 1978నుండి జాతీయ చారిత్రకోద్యానములో భాగములు. పిల్లలు పనిచేయుట మాత్రము ఆగలేదు, చోటు మారినది. నేడు వారు ఆహారశాలలలో, కిరాణా దుకాణములలో, కాఫీ అంగళ్ళలో పనిచేయుచున్నారు. కాగుచున్న నూనె చిందుట, మాంసము కోయు యంత్రపు అలుగు, తడినేల, రాత్రివేళ ఒంటరిగా గల్లాపెట్టె కడ నిలుచుట, వీరి ప్రమాదములు. రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట మైనరుల చెంత ఒక పెద్ద పర్యవేక్షకుడు ఉండితీరవలెనని ఆ రాష్ట్రమున 2007నుండి నియమము.

1976లో బోస్టనులో స్థాపింపబడిన మాస్‌కాష్ అను కార్మికభద్రతా సంస్థ, పదునాలుగు పదునైదేండ్లు దాటిన విద్యార్థులనే చేరదీసి, శిక్షణ నిచ్చి, తోడి విద్యార్థులకు బోధించు నాయకులుగా తయారుచేయుచున్నది. అట్టి పాఠము సాగు విధానము చూడదగినది. గోడకు పెద్ద కాగితమంటించి దానిపై మనిషి ఆకారమును గీయుదురు. పనిచేసి వచ్చిన పిల్లలు ఒక్కొక్కరు లేచి తమకు నొప్పిపుట్టినచోట, కాలినచోట, తెగినచోట గుర్తు పెట్టుదురు. నడుముకడ, ముంజేతికడ గుర్తులు గుంపుకట్టుట చూచి, తనకొక్కనికే అట్లయినదని అనుకొనిన పిల్లవాడు ఆ మౌనమును వదలును. పిమ్మట తమ తమ పనిచోటుల పటములు గీసి, పొయ్యి ఎక్కడ, తలుపెక్కడ, తాళమెక్కడ అని చూపుకొందురు. ఈ పటముల పద్ధతిని 1960ల ప్రాంతమున ఇటలీ కర్మాగారముల కార్మికులు ప్రచారమునకు తెచ్చిరి. అధికారి వచ్చి ఉపన్యసించిన తల యూపి మరచు పిల్లలు, తమ యీడువాడు చెప్పినచో ప్రశ్నలు వేయుదురు. చేతికి తొడుగులీయకున్న ఎవరితో చెప్పవలెను, చెప్పిన పని పోవునా అని అడుగుదురు. 1836లో ఆ క్రిందిగదిలో గుసగుసలుగా సాగిన ప్రశ్నలివి; ఇప్పుడు బల్లల మీద సాగుచున్నవి.

మసాచుసెట్స్‌లో నేడు తెలుగు కుటుంబములు తక్కువ లేవు. వారి పిల్లలును వేసవిలో చిన్న చిన్న పనులకు కుదురుచుందురు. పదునెనిమిదేండ్లలోపు వారు పనికి చేరుటకు ముందు ఉద్యోగపు పర్మిట్ కాగితము పొందవలెను. ఆ కాగితము చేతికి వచ్చినపుడు, ఏ యంత్రము ముట్టరాదో, ఎన్ని గంటలు మించరాదో, దెబ్బ తగిలినచో ఎవరికి చెప్పవలెనో తమ పిల్లలను ఆ తోటి విద్యార్థుల నోటనే ఒకమారు విననీయుడని అచ్చటి తలిదండ్రులకు నా మనవి.