గ్రామఫోను రికార్డుల ధ్వని నాణ్యత

గ్రామఫోను రికార్డుపై శబ్దం సన్నని గాడి రూపంలో నిక్షిప్తమై ఉంటుంది. ఆ గాడి ఒంపులను అనుసరించి ముల్లు కంపిస్తుంది. టర్న్‌టేబుల్‌లో ఈ కంపనాలను కార్ట్రిడ్జి విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. ధ్వని నాణ్యత ముఖ్యంగా గాడికి తగిన ముల్లు, దానిపై పడే బరువు, గాడి శుభ్రతలపై ఆధారపడుతుంది. అరిగిపోయిన గాడిని తిరిగి బాగుచేయడం సాధ్యం కాదు.

రికార్డుల రకాలు

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులను ఎక్కువగా లక్కలో ఖనిజ చూర్ణాలను కలిపి తయారుచేసేవారు. అమెరికాలో 1948లో కొలంబియా సంస్థ 33⅓ చుట్ల వినైల్ ఎల్‌పీ రికార్డును, 1949లో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ 45 చుట్ల రికార్డును విడుదల చేశాయి. భారతదేశంలో 78 చుట్ల రికార్డులు 1960లలో కూడా వెలువడ్డాయి. అందువలన పాత తెలుగు పాటలను సేకరించేవారి వద్ద రెండు రకాలూ కనిపిస్తాయి.

తగిన ముల్లు

78 చుట్ల రికార్డు గాడి వెడల్పైనది. దీనికి సుమారు 65 మైక్రాన్ల వ్యాసార్ధం గల మొన తగినది. ఎల్‌పీకి వాడే గుండ్రని మొన వ్యాసార్ధం సుమారు 15 నుండి 18 మైక్రాన్లు మాత్రమే. ఈ సన్నని మొనను లక్క రికార్డుపై వాడితే అది గాడి అడుగుకు జారి, అక్కడి మురికి వలన గరగర శబ్దం వస్తుంది. కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోను ఉక్కు ముల్లు, దానిపై పడే అధిక భారం ఎల్‌పీని కొద్దిసేపటిలోనే పాడుచేస్తాయి.

బరువు, అమరిక

ఎల్‌పీలకు వాడే కార్ట్రిడ్జిలలో అనేకం సుమారు 1.5 నుండి 2.5 గ్రాముల బరువుతో పనిచేస్తాయి. తయారీదారు సూచించిన బరువునే పాటించాలి. బరువు మరీ తక్కువైతే ముల్లు గాడిలో ఎగిరిపడి గోడలను గాయపరుస్తుంది. టర్న్‌టేబుల్ సమతలంగా ఉండాలి.

ఎల్‌పీని రికార్డు చేసేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, తారధ్వనులను పెంచుతారు. ఫోనో ప్రీఆంప్లిఫయరు దీనిని సరిచేస్తుంది. ఇందుకు 1954లో ఆర్‌ఐఏఏ ప్రమాణం ఏర్పడింది. అంతకు ముందరి రికార్డులకు ఇది సరిగా వర్తించకపోవచ్చు.

శుభ్రత, భద్రత

వినైల్ రికార్డుపై ధూళిని ప్రతిసారీ కార్బన్ ఫైబర్ కుంచెతో తుడవాలి. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. కావున ఆల్కహాలు కలిసిన ద్రవాలను 78 చుట్ల రికార్డులకు వాడరాదు. రికార్డులను ఎండకు దూరంగా, నిలువుగా ఉంచాలి.

లక్క రికార్డులు కిందపడితే పగిలిపోతాయి. అరుదైన నాటక పద్యాలు, పాటలు ఉన్నవాటిని శుభ్రపరచి, తగిన ముల్లుతో ఒకసారి డిజిటల్ రూపంలోకి మార్చుకుంటే, మాటిమాటికీ వినడానికి ఆ ప్రతిని ఉపయోగించి మూలాన్ని కాపాడవచ్చు.